సీఎస్6 నుంచి కొత్త ఫోటోషాప్‌కు మారాలా? శ్రావణం లోపు తేల్చుకోవాలి

కౌశిక_తీరం, అమలాపురం

సభ్యులందరికీ నమస్కారం. అమలాపురంలో పదిహేడేళ్లుగా చిన్న స్టూడియో నడుపుతున్నాను. 2012లో ఫోటోషాప్ సీఎస్6ను బిల్లుతో సహా కొనుక్కున్నాను. సాఫ్ట్‌వేరు మీద అంత డబ్బు పెట్టినందుకు ఇంట్లో నాలుగు మాటలు పడ్డాను కానీ, ఈనాటి దాకా నా ఆల్బమ్ పనంతా దానిమీదే సాగింది. ఆ తర్వాత అది నన్ను మళ్లీ రూపాయి అడగలేదు. అందుకే దాన్ని వదలాలంటే మనసొప్పడం లేదు.

ఇబ్బంది కెమెరాతో వచ్చింది. పోయిన ఏడాది కెనాన్ ఆర్6 మార్క్ 2 తీసుకున్నాను. దాని రా ఫైళ్లు (కెమెరా తన దిద్దుబాటేమీ లేకుండా దాచే మూల ఫైళ్లు) సీఆర్3 రకానివి; సీఎస్6 వాటిని అసలు గుర్తించదు. చేసేది లేక పెళ్లిళ్లన్నీ జేపెగ్‌లోనే తీస్తూ వచ్చాను. మొన్న వైశాఖంలో ముమ్మిడివరం దగ్గర కొబ్బరితోటలో పందిరి వేసి పెళ్లి చేశారు. పదకొండు గంటల ఎండ ఆకుల మీదుగా దిగడంతో, పెళ్లికూతురి గడ్డం కిందా పెళ్లికొడుకు తెల్లపంచె మడతల్లోనూ లేత పచ్చరంగు పట్టేసింది. జేపెగ్‌లో ఆ పచ్చదనాన్ని తగ్గించబోతే అమ్మాయి బుగ్గల మీది పసుపు ఛాయ కూడా దానితోపాటే పోయి, ముఖం సున్నం కొట్టిన గోడలా తయారైంది. అదే రా ఫైలు అయివుంటే వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగానే కనిపించేలా ఉంచే రంగుల సమతూకాన్ని) మొదటినుంచీ సరిచూసుకునే వీలుండేది.

నా సిస్టమ్‌లో విండోస్ 7 ఉంది, ర్యామ్ 8 జీబీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. కొత్త ఫోటోషాప్ నెలకో ఏడాదికో చందా కట్టే పద్ధతిలో తప్ప దొరకదని తెలుసు. ఆషాఢం కాబట్టి నెలరోజులు చేతిలో ఉన్నాయి. శ్రావణంలో ముహూర్తాలు మొదలైతే ఇలాంటివాటికి తీరిక దొరకదు. మారినవాళ్లు, మారకుండా నెట్టుకొస్తున్నవాళ్లు తమ అనుభవం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జాజిమొగ్గ, పాలకొల్లు

కౌశిక_తీరం గారూ, నేను ఇంటి దగ్గరే ఉండి నాలుగైదు స్టూడియోలకు ఆల్బమ్ డిజైనింగ్ చేస్తాను. రెండేళ్ల క్రితం సరిగ్గా మీ స్థితిలోనే ఉండి మారాను.

ముందుగా ఒక విషయం. మీ కెమెరా ఫైళ్లు తెరుచుకోకపోవడం సీఎస్6 చెడిపోవడం వల్ల కాదు. రా ఫైళ్లను చదివేది ఫోటోషాప్‌కు అనుబంధంగా ఉండే కెమెరా రా అనే భాగం. సీఎస్6కు దాని చివరి వెర్షన్ 9.1.1, అది 2015లో వచ్చింది. కెనాన్ సీఆర్3 రకాన్ని మొదలుపెట్టింది 2018లో, ఎం50 కెమెరాతో. పుట్టని బిడ్డ పేరు అంతకు మూడేళ్ల ముందే రాసిన రేషన్ కార్డులో ఉండదు కదా! అలాగే, మనం అలవాటుగా 'అప్‌గ్రేడ్' అంటున్నాం కానీ ఇది సీఎస్5 నుంచి సీఎస్6కు మారినట్టు తేడా డబ్బు కట్టి మారడం కాదు. 2013 నుంచి కొత్త ఫోటోషాప్‌లను అద్దెకే ఇస్తున్నారు. మీది సొంత ఇల్లు, వెళ్లబోయేది అద్దె ఇల్లు. అద్దె ఇంట్లో వసతులు ఎక్కువే, కాదనను.

నాకు కలిసొచ్చింది ముఖ్యంగా కటింగ్‌లో. పూలజడ వేసుకున్న పెళ్లికూతురిని వెనక డెకరేషన్ నుంచి విడదీయాలంటే సీఎస్6లో పెన్ టూల్‌తో అరగంట కూర్చునేదాన్ని. ఇప్పుడు సెలెక్ట్ సబ్జెక్ట్ నొక్కి, జడ అంచుల దగ్గర కాస్త దిద్దుకుంటే ఐదారు నిమిషాల్లో అయిపోతోంది. జల్లెడలాంటి మేలిముసుగు, గాలికి లేచిన జుట్టు మాత్రం ఇప్పటికీ చేత్తోనే చూసుకోవాలి.

నష్టం కూడా చెప్పాలి. మొదటి వారం నా చెయ్యే నాకు శత్రువైంది. మనం ఫోటో చిన్నది పెద్దది చేసేటప్పుడు కొలత చెడకుండా షిఫ్ట్ పట్టుకుంటాం. 2018 అక్టోబరులో వచ్చిన వెర్షన్ నుంచి ఆ పద్ధతి తిరగబడింది. ఏమీ పట్టుకోకపోతేనే నిష్పత్తి నిలుస్తుంది, షిఫ్ట్ పట్టుకుంటే సాగిపోతుంది. పదేళ్ల అలవాటు కొద్దీ షిఫ్ట్ మీద వేలు పెట్టి లాగడంతో, ఒక ఆల్బమ్‌లో పెళ్లికొడుకు మేనమామ నాలుగు షీట్లలో నాలుగు రకాల లావుతో కనిపించారు. ల్యాబ్‌కు పంపే ముందు గమనించాను కాబట్టి సరిపోయింది. ప్రిఫరెన్సెస్‌లో లెగసీ ఫ్రీ ట్రాన్స్‌ఫామ్ అని ఒక గడి ఉంటుంది, దానికి టిక్కు పెడితే పాత పద్ధతి తిరిగొస్తుంది. వెనక్కి వెళ్లే కంట్రోల్ జెడ్ కూడా అదే వెర్షన్‌లో మారింది, దానికీ పాత అలవాటు పెట్టుకునే వీలుంది. ఈ రెండూ మొదటిరోజే సరిచేసుకోండి.

డార్క్‌రూమ్_పాతకాపు, రామచంద్రపురం

కెమెరా ఫైలు తెరుచుకోవడం లేదనే ఒక్క కారణానికి అద్దె ఇంటికి మారనక్కరలేదని నా అభిప్రాయం. నేను ఫిల్మ్ కడిగిన రోజులనుంచీ ఈ పనిలో ఉన్నాను. కొత్తది వచ్చిన ప్రతిసారీ పాతదాన్ని గోదాట్లో పారేసినవాళ్లు ఏం బాగుపడ్డారో చూస్తూనే ఉన్నాను.

దారులు రెండున్నాయి, రెండూ ఉచితమే. ఒకటి, ఫోటోషాప్ తయారుచేసేవారే ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్. సీఆర్3 ఫైళ్లున్న ఫోల్డరు చూపిస్తే వాటిని డీఎన్‌జీలుగా (ఆ తయారీదారులే పెట్టిన రా ఫైలు రకంగా) మార్చిపెడుతుంది, వాటిని సీఎస్6 తెరుస్తుంది. అయితే కన్వర్టర్ ప్రిఫరెన్సెస్‌లో కంపాటిబిలిటీ అన్నచోట కెమెరా రా 7.1 అని ఎంచుకోవాలి, లేకపోతే పాత ఫోటోషాప్ ఆ డీఎన్‌జీని కూడా కాదంటుంది. రెండు, కెనాన్ వారే తమ కెమెరా కొన్నవాళ్లకు ఇచ్చే డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్. కొబ్బరితోట పచ్చదనాన్ని అక్కడే వైట్ బ్యాలెన్స్‌లో సరిచేసుకొని, 16 బిట్ టిఫ్‌గా (నాణ్యత తగ్గని ఫోటో ఫైలుగా) బయటికి తీసి, మిగతా పని సీఎస్6లో చేసుకోవచ్చు. కెనాన్ చర్మపు రంగు కెమెరా తెర మీద ఎలా కనిపించిందో అలాగే వస్తుంది. కాస్త నెమ్మది. పెళ్లిలో తీసిన పద్దెనిమిది వందల ఫోటోలకూ ఇలా చేయమనడం లేదు. ఆల్బమ్‌లోకి వెళ్లే నూట యాభైకి చేసుకుంటే చాలు.

ఉండికాలువ, భీమవరం

మాస్టారూ, మీరు చెప్పిన రెండు దారులూ సరైనవే కానీ, వాటి మొదట్లోనే ఒక గేటు మూసి ఉంది. ఆర్6 మార్క్ 2ను గుర్తించే డీఎన్‌జీ కన్వర్టర్ 2022 చివర్లో వచ్చినది లేదా ఆ తర్వాతిది కావాలి, అది విండోస్ 7 మీద ఎక్కదు. ఆ కెమెరాను చదివే కెనాన్ సాఫ్ట్‌వేరుకు కూడా విండోస్ 10 లేదా 11 ఉండాలి. ఇక కొత్త ఫోటోషాప్ సంగతి చెప్పనక్కరలేదు, 2021 వెర్షన్ నుంచే విండోస్ 7ను వదిలేసింది. కాబట్టి కౌశిక_తీరం గారు ఏ దారిలో వెళ్లినా ముందు మార్చవలసింది సిస్టమ్. ఫోటోషాప్ ప్రశ్న ఆ తర్వాతే.

ఇక్కడ చాలామంది పొరబడేది ఇంకొకటి ఉంది. కొత్త సిస్టమ్ కొంటే కొత్త ఫోటోషాప్ తప్పదనుకుంటారు. నా దగ్గర విండోస్ 11 మీద సీఎస్6 రెండేళ్లుగా నడుస్తోంది. తయారీదారులు దానికి హామీ ఏమీ ఇవ్వరు, అది మన పూచీ. 4కే మానిటరు పెడితే మాత్రం టూల్స్ బొమ్మలు నువ్వుగింజలంత కనిపిస్తాయి. మామూలు మానిటరే మేలు.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, అందువల్ల ఇప్పుడు కొనేది 11తోనే కొనాలి. పాత డబ్బాకే 11 ఎక్కించుకుందామనుకుంటే, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరూ టీపీఎం 2.0 అనే చిప్పూ ఉండాలి. విండోస్ 7 నాటి సిస్టమ్‌లో అవి ఉండే అవకాశం లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది: సీఎస్6 లైసెన్సు రెండు సిస్టమ్‌ల మీద మాత్రమే యాక్టివేట్ అవుతుంది. పాతదాన్ని ఫార్మాట్ చేసేముందు అందులో హెల్ప్ మెనూలోకి వెళ్లి డీయాక్టివేట్ చేయండి. నేను ఆ పని మరిచిపోయి, హార్డ్‌డిస్క్ కాలిపోయిన సిస్టమ్ మీద ఒక లైసెన్సు పోగొట్టుకున్నంత పనైంది. సీరియల్ నంబరు ఉన్న పెట్టె అట్టను కూడా పారేయకండి.

కౌశిక_తీరం, అమలాపురం

ఉండికాలువ గారూ, విండోస్ సంగతి నాకు తట్టనే లేదు. కృతజ్ఞతలు. పెట్టె అట్ట బీరువాలో భద్రంగా ఉంది.

ఇంకొక చిక్కు ఉంది, అది మొదట్లో రాయడం మరిచాను. 2022 జులై వరద మీకు గుర్తుండే ఉంటుంది, భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన వరద. మా లంక గ్రామాల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చి ఎన్నో కుటుంబాల ఆల్బమ్‌లు నానిపోయాయి. షీట్లు ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీస్తే ముఖాలు లేచి ఎదుటి పేజీకి అతుక్కునేవి. అప్పటినుంచి పాత పెళ్లిళ్ల ఆల్బమ్ మళ్లీ వేయించమని మనుషులు వస్తూనే ఉన్నారు. నా దగ్గర 2012 నుంచీ అన్ని పీఎస్‌డీలూ (ఫోటోషాప్ ఫైళ్లు) ఉన్నాయి. సీఎస్6లో తెరిస్తే యథాతథంగా తెరుచుకుంటాయి. వాటిలో పేర్లు, ముహూర్తపు వివరాలు అన్నీ అను ఫాంట్లలో టైపు చేసినవి. కొత్త వెర్షన్‌లో ఈ పాత ఫైళ్ల గతి ఏమిటి?

జాజిమొగ్గ, పాలకొల్లు

ఈ ప్రశ్న మీరు అడగకపోయుంటే నేనే చెప్పేదాన్ని, ఎందుకంటే నాకు ఎక్కువ దెబ్బ తగిలింది ఇక్కడే.

అను ఫాంట్లు యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర సంకేతాల) పద్ధతివి కావు. వాటిలో తెలుగు అక్షరం ముక్కలు ఇంగ్లీషు అక్షరాల గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు ఉన్నంతసేపూ మనకు తెలుగు కనిపిస్తుంది. సిస్టమ్‌లో ఆ ఫాంటు లేనినాడు అసలు రూపం బయటపడుతుంది. నేను కొత్త సిస్టమ్‌లో ఒక పాత ఆల్బమ్ తెరిస్తే, 'చి.ల.సౌ.' అని ఉండవలసిన చోట డాలరు గుర్తులూ, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలూ వరుసగా నిలబడి ఉన్నాయి. కాబట్టి పాత సిస్టమ్‌లోని ఫాంట్లన్నీ ముందుగా ఒక ఫోల్డరులోకి కాపీ చేసి, కొత్త దానిలో ఎక్కించాకే పీఎస్‌డీలు తెరవండి. వాటిలో టైప్ 1 రకపు ఫాంట్లేవైనా ఉంటే అవి కొత్త ఫోటోషాప్‌లో పనిచేయవు. ట్రూటైప్ అయితే ఇబ్బంది లేదు.

ఫాంటు ఉన్నా ఇంకో గండం ఉంది. పాత ఫైలు తెరవగానే టెక్స్ట్ లేయర్లను (రాత ఉన్న పొరలను) అప్‌డేట్ చేయమంటారా అని అడగవచ్చు. తొందరపడి ఒప్పుకోకండి. అక్షరాల మధ్య ఎడం మారి, ఒక్క వరుసలో ఉన్న ఇంటిపేరు రెండో వరుసలోకి జారిపోతుంది. మళ్లీ ప్రింటు వేయడానికి మాత్రమే తెరుస్తున్న ఫైలైతే, ఇప్పుడే సీఎస్6లో ఉండగా ఒక ప్రతిలో టెక్స్ట్ లేయర్లను రాస్టరైజ్ చేసి (అక్షరాలను బొమ్మగా మార్చి) పక్కన పెట్టుకోవడం మంచిది. అసలు ఫైలు జోలికి వెళ్లకండి, ప్రతిలోనే చేయండి.

కొత్త పనికి నేను యూనికోడ్‌కు మారిపోయాను. పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగు అతికిస్తే వత్తులు విడిపోయి పక్కన పడేవి. ఇప్పుడు వరల్డ్ రెడీ అనే పద్ధతి వల్ల 'శ్రీరస్తు' చక్కగా కూర్చుంటోంది. మండలి, రామభద్ర, సురన్న లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. శుభలేఖ మీద వేసే వంపుసొంపుల అక్షరాలకు మాత్రం అను అలవాటైన కళ్లకు ఇవి కాస్త వెలితిగానే ఉంటాయి, నిజం చెప్పాలి కదా.

వశిష్ఠ_గట్టు, నరసాపురం

ఈ చర్చలో కొత్త వెర్షన్‌లోని కృత్రిమ మేధ పనుల గురించి ఎవరూ రాయలేదు. ప్రకటనలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి కాబట్టి నా అనుభవం రాస్తున్నాను.

రాత్రి ముహూర్తాల ఫోటోల్లో గ్రెయిన్ తీసే డీనాయిస్ 2023 ఏప్రిల్‌లో వచ్చింది. నా వరకు మారడానికి కారణం అదొక్కటే. కానీ అది రా ఫైళ్లకు, గ్రాఫిక్స్ కార్డుకు సంబంధించిన పని. కార్డు లేని నా పాత సిస్టమ్‌లో ఒక్కో ఫోటోకు పన్నెండు నిమిషాలు పట్టేది. 8 జీబీ కార్డు పెట్టాక అరనిమిషం లోపే అయిపోతోంది. అదీ గుడ్డిగా అన్నింటికీ వేయకూడదు. మా ఊరు లేసు అల్లికకు పేరు, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక పెళ్లిలో పెళ్లికూతురి పినతల్లిగారు తాము స్వయంగా అల్లిన లేసు అంచున్న జాకెట్టు తొడుక్కున్నారు. డీనాయిస్ వందకు పెట్టి వదిలేస్తే, ఆ కుట్లలోని చిన్నచిన్న గళ్లు పూడిపోయి లేసు కాస్తా తెల్ల రిబ్బనులా తయారైంది. ఆవిడ ఆల్బమ్ చూసి, ముప్పై రోజులు అల్లినదాన్ని మూడు నిమిషాల్లో ఇస్త్రీ చేశావా నాయనా అన్నారు. ఇప్పుడు నలభై దాటనివ్వడం లేదు.

రిమూవ్ టూల్ ఇంకా జాగ్రత్తగా వాడాలి. మచ్చలు తీద్దామని నుదుటి మీద పెద్ద బ్రష్ తిప్పితే, దానికి మొటిమకూ తలంబ్రాల గింజకూ తేడా తెలియదు. జుట్టులో చిక్కుకున్న బియ్యం, చెంపల మీది అక్షింతలు, బాసికం దారం సగం, అన్నింటినీ శుభ్రంగా ఊడ్చేసింది. తలంబ్రాల ఫోటోలో తలంబ్రాలు లేకపోతే ఇక ఆ ఫోటో ఎందుకు? జెనరేటివ్ ఫిల్ (ఫోటోలో లేనిదాన్ని సృష్టించి నింపే పని) అయితే మన సిస్టమ్‌లో కాదు, వాళ్ల సర్వర్‌లో జరుగుతుంది. నెట్ ఉండాలి, నెలకు ఇన్నని క్రెడిట్ల లెక్క కూడా ఉంటుంది. అది వచ్చిన కొత్తలో ఒక్కసారికి 1024 పిక్సెళ్ల వెడల్పుకు మించి సృష్టించేది కాదు. మన 12 బై 36 షీటు 300 డీపీఐలో 10,800 పిక్సెళ్ల పొడవుంటుంది. పందిరిని పక్కకు పొడిగించమంటే, తెర మీద బాగానే కనిపించిన కొబ్బరాకులు ప్రింటులో పాలమీగడలా అలుక్కుపోయాయి. చిన్న చిన్న ముక్కలుగా చేసుకుంటే కొంత నయం.

కౌశిక_తీరం గారికి నా సలహా ఏమిటంటే, మీకు రాత్రి పెళ్లిళ్లు ఎక్కువైతే మారండి, పగటి పెళ్లిళ్లే ఎక్కువైతే పాతకాపు మాస్టారి దారి సరిపోతుంది.

రాజోలు_కుర్రోడు, రాజోలు

అన్నయ్యలందరికీ నమస్కారం. ఇంత ఆలోచన ఎందుకో నాకు అర్థం కావడం లేదు. కొత్త వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేవాళ్లు మన దగ్గర బోలెడుమంది ఉన్నారు. మా స్నేహితుడు అలాగే వాడుకుంటున్నాడు.

డార్క్‌రూమ్_పాతకాపు, రామచంద్రపురం

తమ్ముడూ, ఇరవై ఏళ్లుగా బిల్లు దాచుకున్న మనుషుల మధ్య ఆ మాట అనకు. ధర్మం సంగతి పక్కన పెట్టినా, అలాంటి పెన్‌డ్రైవ్‌తో వచ్చిన వైరస్ మా వీధిలో ఒక స్టూడియోవారి రెండు సీజన్ల పెళ్లి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. పెళ్లివారు ఇచ్చినది మన సొమ్ము కాదు, వాళ్ల జ్ఞాపకం. ఉచితంగా కావాలంటే నిజాయితీగా ఉచితమైనవే ఉన్నాయి. ఫోటోలు దిద్దే జింప్ అనే సాఫ్ట్‌వేరు 3.0 వెర్షన్ 2025 మార్చిలో వచ్చింది, తెలుగు యూనికోడ్ అందులో బాగానే పలుకుతుంది. ఎఫినిటీ కూడా 2025 అక్టోబరు చివరినుంచి ఉచితం చేశారు. ఏదైనా నేర్చుకునే వయసు నీది.

రాజోలు_కుర్రోడు, రాజోలు

తప్పయింది మాస్టారూ. జింప్ దింపుకున్నాను. మేము కొనుక్కున్న పీఎస్‌డీ టెంప్లేట్లు తెరుచుకుంటున్నాయి కానీ, కొన్నింటిలో లేయర్ ఎఫెక్టులు ఫోటోషాప్‌లో కనిపించినట్టు రావడం లేదు. సొంతంగా మొదటినుంచీ డిజైన్ చేసుకుంటే ఇబ్బంది ఉండేలా లేదు.

యానాం_ఖాతా, యానాం

నేను ఫోటోగ్రాఫర్‌ను కాను, మా అన్నగారి స్టూడియో లెక్కలు చూస్తాను. మారేముందు చందా కాగితం చదవమని చెప్పడానికే రాస్తున్నాను.

ఏడాది చందాను నెలనెలా కట్టే పద్ధతి, నెలవారీ చందా, ఈ రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ వేరు. మొదటిదాన్ని 14 రోజులు దాటాక మధ్యలో ఆపితే మిగిలిన నెలల మొత్తంలో సగం కట్టవలసి వస్తుంది. మూఢం వచ్చి మూడు నెలలు పెళ్లిళ్లు లేవు కదా, ఆపేద్దాం అనుకుంటే కుదరదు. నెలవారీ చందా ఎప్పుడైనా ఆపవచ్చు, ధర మాత్రం ఎక్కువ. మన పని సంవత్సరం పొడవునా సమంగా ఉండదు కాబట్టి, మీకు ఏడాదిలో ఎన్ని నెలలు నిజంగా కొత్త వెర్షన్ కావాలో లెక్క వేసుకున్నాకే ఎంచుకోండి. సాఫ్ట్‌వేరు మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. మీరు రిజిస్టరై ఉంటే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. కొనేటప్పుడే మీ జీఎస్‌టీ నంబరు ఇవ్వడం మరిచిపోకండి. టర్నోవరు 20 లక్షల లోపై, రిజిస్టర్ కాకపోతే, ఆ 18 శాతం మీ ఖర్చే.

తుపాను వచ్చి నాలుగు రోజులు నెట్ లేకపోతే సాఫ్ట్‌వేరు ఆగిపోతుందా అని మా అన్నగారు అడిగారు. ఆగదు. ఏడాది చందా ఉన్నవారికి 99 రోజులు, నెలవారీవారికి 30 రోజులు నెట్ లేకుండా నడుస్తుంది. కరెంటు లేకపోతే మాత్రం ఏ వెర్షనైనా ఒకటే.

ఉండికాలువ, భీమవరం

యానాం_ఖాతా గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఫోటోగ్రఫీ చందాలో ఫోటోలను సర్దుకొని దిద్దుకునే లైట్‌రూమ్ క్లాసిక్ కూడా వస్తుంది. దాన్ని వాడటం మొదలుపెడితే చందా ఆపిన రోజున డెవలప్ భాగం మూతపడుతుంది. ఫోటోలు చూసుకోవచ్చు, ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, కొత్తగా కరెక్షన్ చేయలేరు. కాబట్టి ప్రతి పెళ్లి పూర్తయ్యాక ఎంపికైన ఫోటోలను టిఫ్‌లుగా తీసి పెట్టుకోవాలి. లైట్‌రూమ్ పాత వెర్షన్ ఉన్నవారు కొత్తదానిలో క్యాటలాగ్ (ఫోటోల జాబితా, కరెక్షన్ల వివరాలు ఉండే ఫైలు) తెరిస్తే అది కొత్త ప్రతిగా మారుతుందనీ, ఆ ప్రతిని పాతది మళ్లీ తెరవలేదనీ గుర్తుంచుకోవాలి. పాత క్యాటలాగ్ చెరిగిపోదు; కాకపోతే ఆ తర్వాత చేసిన పని అందులో ఉండదు.

కౌశిక_తీరం, అమలాపురం

పెద్దలందరికీ కృతజ్ఞతలు. పది రోజులుగా చేసినది వరుసగా రాస్తున్నాను.

విండోస్ 11తో కొత్త సిస్టమ్ తీసుకున్నాను. 32 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు. పాతదానిలో సీఎస్6 డీయాక్టివేట్ చేసి, కొత్తదానిలో ఎక్కించాను. మొరాయించకుండా యాక్టివేట్ అయింది. అను ఫాంట్లన్నీ ముందే కాపీ చేసుకున్నాను. ఆ తర్వాత కొత్త ఫోటోషాప్‌ను 7 రోజుల ఉచిత ప్రయోగం కింద పక్కనే వేసుకున్నాను. రెండూ ఒకే సిస్టమ్‌లో కొట్టుకోకుండా ఉంటున్నాయి. ఒక్క తేడా వచ్చింది, పీఎస్‌డీ మీద రెండుసార్లు నొక్కితే కొత్తది తెరుచుకుంటోంది. దాన్ని సీఎస్6కు మార్చుకున్నాను.

కొబ్బరితోట పెళ్లి మొత్తం జేపెగ్‌లో తీసినా, చివర్లో దంపతుల ఫోటోలు ఇరవై మాత్రం రా ప్లస్ జేపెగ్‌లో తీసి ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మూడు దారుల్లో చేసి చూశాను. డీఎన్‌జీ చేసి సీఎస్6లో, కెనాన్ సాఫ్ట్‌వేరు నుంచి టిఫ్‌గా, నేరుగా కొత్త కెమెరా రాలో. పచ్చదనం మూడింటిలోనూ పోయింది. కెనాన్‌లో చర్మం బాగుంది. కొత్త కెమెరా రాలో పెళ్లికొడుకు పంచెను మాత్రమే మాస్క్‌గా పట్టుకొని అక్కడి పచ్చరంగు తగ్గించడం రెండు నిమిషాల పని; సీఎస్6లో అదే పని బ్రష్‌తో చేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మా ప్రాంతంలో ఏడాదిలో సగం పెళ్లిళ్లు తోటల్లోనే జరుగుతాయి కాబట్టి, నాకు లెక్క ఇక్కడ తేలింది. డీనాయిస్ గురించీ జెనరేటివ్ ఫిల్ గురించీ నేనసలు ఆలోచించలేదు.

శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖం, ఈ నెలల్లో మాత్రమే నెలవారీ చందా కట్టి, మిగతా నెలల్లో సీఎస్6తో నడపాలని అనుకుంటున్నాను. పాత ఆల్బమ్‌ల రీప్రింట్లన్నీ సీఎస్6లోనే. కొత్తదానిలో చేసిన ప్రతి షీటునూ ఒక ఫ్లాట్ టిఫ్‌గా కూడా దాస్తాను, ఆ నెల చందా లేకపోయినా తెరుచుకోవాలి కదా.

యానాం_ఖాతా, యానాం

నాలుగు నెలల నెలవారీ ధర, పన్నెండు నెలల ఏడాది ధర, రెండూ కాగితం మీద పక్కపక్కన రాసుకున్నారా? కార్తీకంలోనూ ముహూర్తాలుంటాయి, అది కలిపితే ఐదవుతుంది.

కౌశిక_తీరం, అమలాపురం

రాసుకున్నాను. ఐదు నెలల దాకా నెలవారీయే తక్కువ పడుతోంది. ఆపైన పెరిగితే అప్పుడు చూస్తాను.

చివరిగా ఒక సందేహం, ఇది జాజిమొగ్గ గారికి. అదే పెళ్లి మొదటి షీటును రెండు వెర్షన్లలోనూ చేసి ల్యాబ్‌లో ప్రింటు వేయించి, పెళ్లికూతురి తల్లిగారికి చూపించాను. రంగుల తేడా ఆవిడ పట్టించుకోలేదు. కొత్త వెర్షన్‌లో చేసిన షీటు మీద వేలు పెట్టి, మా లక్ష్మి పేరులో మకారవత్తు ఏదండీ అని అడిగారు. చూస్తే నిజమే, అది విడిపోయి పక్కన నిలబడి ఉంది. పాత ఫైల్లోని అను లేయర్‌లోనే ఫాంటు మండలికి మార్చి, పేరు మళ్లీ టైపు చేశాను. అదే ఫైల్లో కొత్తగా తీసిన టెక్స్ట్ లేయర్‌లో సరిగా వస్తోంది, ఇందులోనే రావడం లేదు.

జాజిమొగ్గ, పాలకొల్లు

పాత లేయర్ తన పాత పద్ధతినే పట్టుకుని ఉంటుందండీ, ఫాంటు మార్చినంత మాత్రాన వదలదు. ఆ లేయర్‌ను ఎంచుకొని, పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలన ఉన్న చిన్న మెనూ తెరిచి, వరల్డ్ రెడీ లేఅవుట్‌కు మార్చండి. వత్తు దాని చోటికి వచ్చేస్తుంది. అప్పటికీ రాకపోతే ఆ లేయర్ తీసేసి కొత్త లేయర్‌లో టైపు చేయండి. ఆ షీటు మళ్లీ ప్రింటుకు పంపేముందు అత్తవారి ఇంటిపేరు కూడా ఒకసారి చూసుకోండి.